పేరు లేని తీగ

విమానాల చరిత్ర వ్రాసినవారు రెక్కలను గురించి వ్రాసినారు. ఇంజనులను గురించి వ్రాసినారు. అందరికంటె ఎత్తుకు ఎగిరినవారిని, అందరికంటె దూరము పోయినవారిని గురించి వ్రాసినారు. విమానపు కడుపులో ఒకదానినొకటి పెనవేసుకొని పోయే తీగలను గురించి, ఆ తీగలకు తగిలించిన చిన్న చిన్న చీటీలను గురించి వ్రాసినవారు అరుదు. ఒక తీగమీద నాలుగు అక్షరాలు ఉన్నవా, లేవా అన్నది చరిత్రకు ఎక్కదగిన విషయమా అని ఎవరైనా అడుగవచ్చును. ఆ నాలుగు అక్షరాలు లేకపోవడము ప్రాణాలమీదికి వచ్చిన సందర్భము ఉన్నది గనుక, ఎక్కదగినదే అని మా సమాధానము. ముఖ్యముగా తమ యిండ్లలో తమ చేతులతోనే విమానాలు కట్టుకొనేవారి చరిత్రలో ఈ చీటీకి గల స్థానము చిన్నది కాదు.

ఇంటిలో విమానము కట్టుకొనడమా అని ఆశ్చర్యపడవలసిన పని లేదు. మొట్టమొదట మనిషిని మోసుకొని, ఇంజను బలముతో, చోదకుని అదుపులో ఎగిరిన విమానమే అటువంటిది. అమెరికాలో ఒహాయో రాష్ట్రములోని డేటన్ నగరములో సైకిళ్ళ దుకాణము నడుపుకొనే రైట్ సోదరులు దానిని తమ చేతులతో తయారుచేసినారు. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుకనేలమీద అది మొదటిసారి 12 సెకండ్లపాటు ఎగిరి, 120 అడుగుల దూరము పోయినది. దానినిండా తీగలే. కాని అవి రెక్కలను బిగించి పట్టే ఉక్కుతీగలు. విద్యుత్తు తీగలంటే ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి కావలసిన కొద్దిపాటి ఏర్పాటు మాత్రమే. ఏ తీగ ఎందుకు ఉన్నదో ఆ అన్నదమ్ములిద్దరికీ తెలుసును. కట్టినవారు వారే, ఎగిరినవారు వారే, చెడితే బాగుచేసుకొన్నవారూ వారే. తన చేతివ్రేళ్ళకు పేర్లు వ్రాసి పెట్టుకొనేవాడు ఎవడును ఉండడు గదా! అట్లే వారికి చీటీలతో అవసరము కలుగలేదు.

ఆ అవసరము కలుగడానికి మొదటి మెట్టు ఒకరు గీసిన పటము చూచి మరియొకరు కట్టడము. బ్రెజిల్ దేశములో పుట్టి పారిస్‌లో స్థిరపడిన సాంటోస్ డ్యూమాంట్ తన డెమోయిజెల్ అనే బుల్లి విమానపు నమూనాను తన సొత్తుగా దాచుకొనక లోకానికి ఉచితముగా ఇచ్చివేసినాడు. 1910లో పాపులర్ మెకానిక్స్ అనే అమెరికా పత్రిక ఆ పటాలను ప్రచురించినది. తరువాత మిన్నెసోటా రాష్ట్రములోని ఒక పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన ఫోర్డు మోటారుకారు ఇంజనును బిగించి ఎయిర్ క్యాంపర్ అనే విమానమును ఎగురవేసినాడు. దాని పటాలు 1932లో అచ్చయినవి. ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే 1933లో తన చిన్న విమానమును ఎగురవేసి, మరుసటి సంవత్సరము దానినెట్లు కట్టుకొనవలెనో తెలిపే పుస్తకము ప్రకటించినాడు. చదివినవారు వందలకొలది అదే కట్టుకొన్నారు. ఆ విమానపు రెండు రెక్కల పొందికలో ఒక దోషమున్నది. ముక్కు క్రిందికి వంగి దిగడము మొదలుపెట్టినచో కొన్ని పరిస్థితులలో దానిని మరల పైకెత్తడము చోదకునికి సాధ్యము కాదు. అనేకులు మరణించిన పిమ్మట, గాలిసొరంగాలలో పరీక్షలు జరిపి ఆ సంగతి తేల్చినారు. ఆ విమానము ఎగురకుండ ప్రభుత్వాలు నిషేధించినవి. పటము గీసినవాని మనస్సులో ఉన్నది కట్టేవానికి తెలియకపోవచ్చును. కట్టేవాడు చేసిన మార్పు గీసినవానికి తెలియకపోవచ్చును. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధము అప్పుడే కనిపించినది.

ఇక్కడ ఒక్కమారు ఇంటి కొట్టమును విడిచి కర్మాగారమునకు పోవలసియున్నది. తీగలకు పేర్లుపెట్టే విద్య అక్కడనే పెరిగినది. కర్మాగారములో ఒక విమానమును వందలమంది కట్టుతారు. ఉదయము ఒకడు బిగించినదానిని సాయంకాలము మరియొకడు విప్పుతాడు. అక్కడ జ్ఞాపకశక్తి పనికిరాదు, వ్రాత కావలెను. వ్రాత ఉన్నప్పటికి దానిని సరిచూచుకొనే అలవాటు తప్పినచో ఏమవుతుందో 1947 ఆగస్టు 23న ఇంగ్లండులో తెలిసివచ్చినది. యుద్ధకాలములో ప్రసిద్ధికెక్కిన లాంకాస్టర్ బాంబరును రూపొందించిన రాయ్ చాడ్విక్ ఆనాడు ఉడ్‌ఫర్డ్‌లో ఆవ్రో ట్యూడర్ విమానపు పరీక్షకై తానును ఎక్కినాడు. రెక్కల చివర పలకలను కదిలించే తీగలను తారుమారుగా కలిపి ఉన్నారు. ఎడమకు త్రిప్పితే కుడికి, కుడికి త్రిప్పితే ఎడమకు ఒరిగే విమానము నేల విడిచిన కొద్దిసేపటికే కూలిపోయినది. చాడ్విక్, పరీక్షాచోదకుడు బిల్ థార్న్ అందులో మరణించినారు. అంతటి నిపుణుని చేతులు గీసిన విమానమును రెండు తీగల తారుమారు కూల్చివేసినది.

ఆ కాలముననే అమెరికా సైనిక విమానాలలో విద్యుత్తు తీగలకు ఒక నామకరణ పద్ధతి స్థిరపడినది. ఒక తీగమీద పి2ఎ20ఎన్ అని అచ్చువేసి ఉన్నదనుకొందము. చూడడానికి అది మంత్రాక్షరివలె ఉంటుంది గాని, అందులో ఒక్క అక్షరమును వ్యర్థము కాదు. మొదటి అక్షరము ఆ తీగ చేసే ఉద్యోగమును చెప్పుతుంది. పి అనగా విద్యుత్తు సరఫరా. ఎల్ అనగా దీపాలు. ఆర్ అనగా రేడియో. జె అనగా ఇంజను జ్వలనము. తరువాతి అంకె ఆ వర్గములో దాని వరుస సంఖ్య. పిమ్మటి అక్షరము ఆ తీగలోని ఏ ముక్క అన్నది తెలుపుతుంది. తీగ ఒక జోడింపును దాటి అవతలికి పోగానే ఎ కాస్తా బి అవుతుంది. 20 దాని మందము. చివరి ఎన్, అది ఎర్తుకు పోయే తీగ అని చెప్పుతుంది. ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ అన్నవాటిని మాత్రము ఈ పద్ధతిలో వాడరు. అవి ఒకటిగాను, సున్నగాను పొరబడడానికి వీలున్నది గదా! ఇంటిపేరు, తన పేరు, ఊరు, వీధి చెప్పగల మనిషి తప్పిపోయినను ఇల్లు చేరగలడు. ఈ తీగయు అంతే.

రేడియో కేంద్రములో పనిచేసే మావంటివారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. స్టూడియోలనుండి కంట్రోలు రూముకు వచ్చే ప్రతి లైనుకును పేరు వ్రాసి ఉండవలెను. లేనిచో ఒక పాట రావలసినచోట ఇంకొకరి ప్రసంగము వస్తుంది. ఐతే ప్రసారములో పొరపాటుకు పడే శిక్ష కొన్ని క్షణాల నిశ్శబ్దము, కొన్ని ఫిర్యాదు ఉత్తరాలు. ఆకాశములో పడే శిక్ష వేరు.

చీటీ అన్నది కంటికి మాత్రమే కాదు, చేతికి కూడ ఉండవచ్చునని కనిపెట్టినది ఆ యుద్ధకాలమే. అమెరికా బాంబరు విమానాలు క్షేమముగా నేలకు దిగిన పిమ్మట చోదకులు కొందరు రెక్కల ఫ్లాపులు ముడువబోయి చక్రాలను ముడిచి, విమానమును పొట్టమీద కూలవేస్తూ ఉండినారు. ఇది చోదకుల అజాగ్రత్త అని అందరు అనుకొన్నారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మీటలను పరిశీలించగా, ఆ రెండును ఒకే ఆకారములో ప్రక్కప్రక్కనే ఉన్నవని తేలినది. చక్రాల మీటకు చిన్న చక్రమువంటి పిడిని, ఫ్లాపు మీటకు పలకవంటి పిడిని అమర్చమన్నాడు. చీకటిలో, తొందరలో, అలసటలో సైతము చేయి తడిమి చదువుకొనగల లేబిలు అది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనేవారు చోదకులు మీటలవద్ద చేసిన 460 పొరపాట్లను సేకరించి పరిశీలించినారు. ఒక మీటకు బదులు మరియొకటి పట్టుకొనడము వానిలో ముఖ్యమైనది. మనిషి తప్పు అని మనము కొట్టివేసేవానిలో చాలభాగము వస్తువు అమరికలోని తప్పు అని నాటినుండి శాస్త్రజ్ఞులు గ్రహించినారు.

ఇక మరల ఇంటి కొట్టమునకు వద్దాము. 1953 జనవరి 26న విస్కాన్సిన్ రాష్ట్రములోని మిల్వాకీలో పాల్ పోబెరెజ్‌నీ నాయకత్వాన స్వగృహ విమాననిర్మాతల సంఘమొకటి ఏర్పడినది. అమెరికా ప్రభుత్వము ఇటువంటి విమానాలను ప్రయోగ విమానాలు అనే తరగతిలో చేర్చినది. నియమము సులభమైనది. విమానములో అధికభాగమును కట్టేవాడు తన విద్యకొరకు, వినోదముకొరకు స్వయముగా కట్టి ఉండవలెను. అట్లు కట్టినచో కర్మాగారపు విమానాలకు విధించిన కట్టుబాట్లు దానికి వర్తించవు. దానికి బదులుగా రెండు లేబిళ్ళు మాత్రము తప్పవు. ఎక్కేచోట ఎక్స్‌పెరిమెంటల్ అనే మాట పెద్ద అక్షరాలతో ఉండవలెను. లోపల, ఇది స్వయముగా కట్టుకొన్నది, సాధారణ విమానాల భద్రతానియమాలకు లోబడినది కాదు అని ప్రయాణికునికి తెలిపే పలక ఉండవలెను. ఎక్కేవానికి నిజము చెప్పి ఎక్కించుకొనుమని దాని తాత్పర్యము.

మొదట ఈ విమానాలలో విద్యుత్తు పని తక్కువ. రానురాను రేడియోలు, దీపాలు, విద్యుత్తుతో నడిచే ఇంధనపు పంపులు, తుదకు అంకెలను, చిత్రాలను చూపే తెరలు వచ్చి చేరినవి. పంచాంగపు బల్ల వంటి ఒక్క పలక వెనుక వందలకొద్ది తీగలు. అందులోను ఒక చిక్కు ఉన్నది. వేడికి తట్టుకొని, కాలినను పొగ తక్కువ వచ్చే మేలిరకపు విమాన తీగ సాధారణముగా తెల్లనిదే దొరుకుతుంది. కట్టగట్టినప్పుడు అన్నియు ఒక్క తల్లి బిడ్డలవలె ఉంటవి. పేరు వ్రాయనిచో వానిలో దేనిని గుర్తించడానికిని ఉపాయము లేదు.

అందుచేత నిర్మాతలు తమ తమ పద్ధతులు కల్పించుకొన్నారు. కాగితపు పట్టీ చుట్టినవారున్నారు. అది నూనెకు, వేడికి జిగురు వదలి రాలిపోతుంది. కాగితముమీద పేరు అచ్చువేసి, దానిపై వేడి తగిలితే ముడుచుకొనే పారదర్శకమైన గొట్టమును తొడిగినవారున్నారు, అది నిలుస్తుంది. కాని తీగకు కొన బిగించకముందే గొట్టము తొడగవలెను, మరచినచో కొనను కత్తిరించి మరల మొదటికి రావలసినదే. అమెరికా కేంద్ర విమానయాన సంస్థ 1998లో ప్రకటించిన పనిపద్ధతుల గ్రంథము కొలతలతో సహా దారి చూపినది. తీగకు రెండు కొసలందును పేరు ఉండవలెను. నడుమ 15 అంగుళాలకు మించని ఎడముతో మరల మరల ఉండవలెను. మూడంగుళాలకు తక్కువైన ముక్కకు అక్కరలేదు. మూడునుండి ఏడంగుళాలదానికి నడుమ ఒక్కటి చాలును. కాల్చిన అచ్చుతో తీగమీదనే ముద్ర వేసినచో పైతొడుగు దెబ్బతినే ప్రమాదమున్నది. పేరు వ్రాయబోయి తీగను చెరుపరాదు. గొట్టాలకు వేరే పద్ధతి. ఇంధనమునకు ఎరుపు పట్టీ, ప్రాణవాయువునకు ఆకుపచ్చ, కందెనకు పసుపు. రంగులు గుర్తింపలేనివారు లోకములో ఉన్నారు గనుక, రంగుతోపాటు మాటను, ఒక ఆకృతిని కూడ వేస్తారు.

ఇంత తెలిసియు స్వయముగా కట్టుకొనేవారిలో కొందరు ఈ పనిని ఎందుకు ఉపేక్షిస్తారు? కారణము సోమరితనము కాదు. ఐదారు సంవత్సరాలు సాయంకాలాలన్నియు ధారపోసి విమానము కట్టేవానిని సోమరి అనగలమా? నేను పెట్టిన తీగ నాకు తెలియదా అన్న ధీమాయే అసలు కారణము. ఆ ధీమా పెట్టిననాటికి నిజమే. కాని పనికి పట్టేది సంవత్సరాలు. మొదటి యేడు బిగించినది నాలుగవ యేటికి అతనికే కొత్తగా కనిపిస్తుంది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి ఉన్నది. మనిషికంటె విమానము ఎక్కువకాలము బ్రతుకవచ్చును. లేదా చేతులు మారవచ్చును. తాను కట్టిన విమానమును ఏటేట తనిఖీ చేసుకొనే అర్హతాపత్రమును అమెరికా ప్రభుత్వము కట్టినవానికి ఇస్తుంది. విమానమును అమ్మినప్పుడు ఆ పత్రము కొన్నవానికి సంక్రమించదు. విమానము పోతుంది, జ్ఞానము పోదు. ఆ జ్ఞానములో కొన్నవానికి చేరేది చీటీలమీద, పుస్తకములో వ్రాసిపెట్టినంత మాత్రమే.

ఈ సత్యమును లోకమంతటికి చాటినది 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరాన జరిగిన ప్రమాదము. బర్ట్ రూటన్ అనే ప్రసిద్ధ రూపకర్త గీసిన లాంగ్ ఈజీ అనే చిన్న విమానమది. 1986లో ఎక్కడా ఆగక, ఇంధనము నింపుకొనక తొమ్మిది దినాలలో భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానమును రూపొందించినది కూడ ఈయనే. ప్రమాదములో చిక్కిన విమానమును ఒక నిర్మాత పటాలు చూచి కట్టినాడు. అది చేతులు మారి, ప్రపంచప్రసిద్ధుడైన గాయకుడు జాన్ డెన్వర్ చేతికి వచ్చినది. డెన్వర్ కొత్తవాడు కాడు, అనుభవము గల చోదకుడే. కాని ఈ రకపు విమానముతో అతని పరిచయము చాల స్వల్పము.

ఆ విమానములో కుడి, ఎడమ రెక్కలలో రెండు ఇంధనపు ట్యాంకులు. ఒకదానినుండి మరియొకదానికి మార్చే పిడి పటము ప్రకారము చోదకుని కాళ్ళ నడుమ ఉండవలెను. కట్టినవాడు చోదకుడు కూర్చుండేచోటికి ఇంధనము రాకుండుట మేలని తలచి, ఆ పిడిని చోదకుని ఎడమ భుజమునకు వెనుక గోడలో అమర్చినాడు. ఉద్దేశము మంచిదే. కాని ఏ వైపు త్రిప్పితే ఏ ట్యాంకో తెలిపే గుర్తు ఒక్కటియు ఆ పిడివద్ద లేదు. ఇంధనము ఎంత ఉన్నదో చూపే గాజుగొట్టాలు వెనుక సీటువద్ద ఉన్నవి. వానిమీదను కొలతగీతలు లేవు. ఎగురబోయేముందు అక్కడి పనివాడొకడు ఆ గొట్టాలను చూచుకొనడానికి డెన్వర్‌కు ఒక చిన్న అద్దమును ఇచ్చినాడు. పిడి అందకపోవడమును గురించి కూడ ఇద్దరు మాట్లాడుకొన్నారు. ఇంధనము నింపనా అని అడిగితే అక్కరలేదన్నాడు. మాంటెరీ విమానాశ్రయమునుండి లేచి, కొన్ని మారులు దిగి ఎగిరిన పిమ్మట ఆ విమానము పసిఫిక్ గ్రోవ్ సమీపాన సముద్రములో కూలిపోయినది. డెన్వర్ వయస్సు అప్పటికి 53 సంవత్సరాలు.

విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతామండలి తన నిర్ణయమును 1999లో ప్రకటించినది. పిడిని త్రిప్పబోయి వెనుకకు తిరిగినప్పుడు అతని ధ్యాస మరలినది. కుడికాలు తెలియకుండానే చుక్కాని పెడలును త్రొక్కినది. విమానము అదుపు తప్పినది. ఎగురబోయేముందు ఇంధనమును సరిగా చూచుకొనకపోవడము, ఆ విమానముతో తగినంత అభ్యాసము లేకపోవడము అతని పాలు. గుర్తులు లేని పిడిని చేయి అందనిచోట పెట్టడము, గీతలు లేని గొట్టాలు కట్టినవాని పాలు. అన్నింటిని మండలి పేర్కొన్నది. కేవలము గుర్తు వ్రాసి ఉంటే డెన్వర్ బ్రతికేవాడని మేము అనడము లేదు. అందని పిడి వ్రాసినంతమాత్రాన అందదు. ఐతే వ్రాయబూనినవాడు ఒక ప్రశ్న వేసుకొనక తప్పదు. ఈ పలకను ఎక్కడ అంటించవలెను? చోదకుని కంటికి కనపడని స్థలములో పలక అంటించి ప్రయోజనమేమి? ఆ ప్రశ్నవద్ద చేయి ఆగినచో పిడి ఉన్న స్థలమే తప్పని తెలిసేది. పేరుపెట్టడము పరీక్షించడము కూడ.

అది ఒక్కరి దురదృష్టమని వదలిపెట్టడానికి వీలులేదు. అదే మండలి 2012లో స్వగృహ విమానాల భద్రతమీద ఒక అధ్యయనమును ప్రకటించినది. 2011లో జరిగిన 224 ప్రమాదాలను అందుకై పరిశీలించినారు. వానిలో సగముకంటె ఎక్కువ విమానాలు ఎగిరినవాడు కట్టినవి కావు, మరియొకరివద్ద కొన్నవి. 14 ప్రమాదాలు కొత్త యజమాని చేసిన మొట్టమొదటి ప్రయాణముననే జరిగినవి. ఇవి అన్నియు లేబిళ్ళు లేకపోవడమువలననే జరిగినవని చెప్పరాదు. కాని కట్టినవాని తలలో ఉన్నది కొన్నవాని తలలోనికి చేరే దారి ఎంత ఇరుకైనదో ఈ అంకెలు చూపుతున్నవి.

ఇక చివరిమాట. లేబిలు ఉండడముతోనే పని తీరలేదు. తప్పు లేబిలు లేబిలు లేకపోవడముకంటె ప్రమాదము. పేరు లేని తీగను చూచినవాడు అనుమానించి, వెంట పోయి, కొస ఎక్కడో వెదకుతాడు. తప్పు పేరు గల తీగను చూచినవాడు నమ్ముతాడు. అందుచేత మార్పు చేసినదినమే చీటీ మార్చవలెను. చీటీతోపాటు పటమును మార్చవలెను. కొస కొసనూ పట్టి చూచి, వ్రాసినది నిజమేనని తేల్చుకొన్న పిమ్మటనే మూత బిగించవలెను.

రైట్ సోదరులకు చీటీ అక్కరలేకపోయినది. వారు తమకొరకే కట్టుకొన్నారు. తరువాతివారు కూడ తమకొరకే కట్టుకొంటున్నామని అనుకొన్నారు. కాని వస్తువును నిలిచేట్లు చేసేవాడు ఎవడును తనకొరకు మాత్రమే చేయడు. ఏదో ఒకనాడు, ఎవడో ఒక అపరిచితుడు దీపము చేతబట్టుకొని, ఆ మూత విప్పి, తెల్లని తీగల కట్టను చూస్తాడు. అప్పటికి కట్టినవాడు పిలిస్తే పలికేంత దూరములో ఉండకపోవచ్చును. అతనికి బదులు పలుకవలసినది ఆ తీగమీది నాలుగు అక్షరాలే.